ఆధారం ఎంతో, మాట అంతే

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా పక్షులు వస్తాయి. వానాకాలం చివర్లో దిగుతాయి. చింతచెట్ల మీద గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. శ్రీకాకుళం జిల్లా బడుల్లో వీటి మీద వ్యాసమో ప్రాజెక్టో రాయమనడం మామూలే. పిల్లలు రాసుకొచ్చిన కాగితాల్లో తరచుగా కనబడే మొదటి మాట, ఈ పక్షులు సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వస్తాయని. పేపర్లోనూ అదే ఉంటుంది, ఊళ్లోనూ అదే అంటారు. అమ్మాయి రాసింది, టీచరు టిక్కు పెట్టారు, అమ్మానాన్నలు చదివి ముచ్చటపడ్డారు. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. కాకపోతే, ఆ సంగతి ఎవరికి ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు.

అడిగితే ఏం తేలుతుందో చూద్దాం. తేలినీలాపురం వచ్చేవాటిలో ముఖ్యమైనవి రెండు రకాలు: గూడబాతులు, రంగుల కొంగలు. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు అని పేపర్లు రాసేది వీటినే. సైబీరియా నుంచి మన దేశానికి వచ్చే పక్షులూ ఉన్నాయి. అవి చలికాలం గడుపుకోవడానికి వస్తాయి, తిండి తింటాయి, గుడ్లు పెట్టడానికి మళ్లీ తమ దేశమే వెళ్లిపోతాయి. ఇక్కడ గూడు కట్టి పిల్లల్ని లేపవు. తేలినీలాపురం పక్షులు చేసేదే ఆ పని. ఈ రెండు జాతులూ భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశాలవి. నీళ్లు, చేపలు ఎక్కడ దొరికితే అక్కడికి మన దేశంలోనే తిరుగుతుంటాయి. సైబీరియాలో ఇవి ఉండవు. సైబీరియా మాటను అనుమానించడానికి పెద్ద పుస్తకాలు కూడా అక్కర్లేదు. చెట్టు మీద గూడు, గూట్లో పిల్ల, కళ్లెదుట ఉన్నాయి. చూసినదాన్ని నమ్మడం మానేసి, విన్నదాన్ని రాసేశాం.

పిల్లల చదువులో మనం పట్టించుకోని పాఠం ఇదే. అక్షరదోషాలు దిద్దుతాం, దస్తూరీ బాగుచేయిస్తాం, పాయింట్లు బట్టీ పట్టిస్తాం. రాసిన మాటకు దన్ను ఏమిటి, అది ఎంత బరువు మోయగలదు అని మాత్రం అడగం. ఈ అలవాటు బడిలోనే నేర్పాలని లేదు. అన్నం దగ్గర, బస్సులో, సంతకు వెళ్లే దారిలో అమ్మానాన్నలు నేర్పవచ్చు. దానికి డిగ్రీలు అవసరం లేదు. ఓపిక ఉంటే చాలు.

చూసింది, విన్నది, అనుకున్నది

ప్రాజెక్టు కాగితం చేతికిచ్చినప్పుడు తండ్రీకూతుళ్ల మధ్య మాట ఇలా నడిస్తే చాలు.

"సైబీరియా నుంచి అని ఎలగ తెలిసిందే నీకు?"

"పేపర్లో ఉంది నాన్నా."

"సరే. మొన్న ఎల్లినప్పుడు నువ్వేటి చూసినావు?"

"గూళ్లు. గూళ్లల్లో పిల్లలు. చెట్టు కింద నేలంతా తెల్లగా రెట్ట."

"అయితే ముందు అది రాయి. పేపర్లోది పేపర్లోదని రాయి."

ఇంతే. ఇందులో తిట్టు లేదు, పరీక్ష లేదు. కానీ ఆ పిల్ల కాగితం మారిపోతుంది. చింతచెట్ల మీద గూళ్లూ పిల్లలూ చూశామని ఒక వాక్యం. ఇవి సైబీరియా నుంచి వస్తాయని పేపర్లో చదివామని మరో వాక్యం. ఇక్కడే పిల్లల్ని పెంచుతున్నాయి కాబట్టి ఇదే వీటి పుట్టిల్లు కావచ్చని అనిపించిందనీ, టీచర్ని అడిగి తెలుసుకోవాలనీ ఇంకో వాక్యం. మొదటిది కళ్లారా చూసింది, రెండోది ఒకరు చెప్పింది, మూడోది తను ఆలోచించి తేల్చింది. ఈ మూడూ వేర్వేరని తెలిసి రాసే పిల్ల రేపు కాలేజీలో రికార్డు రాసినా, కోర్టులో అఫిడవిట్ రాసినా, ఆసుపత్రిలో కేస్ షీట్ రాసినా తడబడదు.

ఎనిమిదేళ్ల పిల్లకు ఈ తేడా నోటిమాటతో చెబితే చాలు. ఆరు, ఏడు తరగతుల పిల్లలతో వాళ్లు రాసిన పేరా మీదే మూడు రంగుల పెన్సిళ్లతో గీతలు గీయించండి. చూసినదానికి ఒక రంగు, విన్నదానికి ఒకటి, అనుకున్నదానికి ఇంకొకటి. పేజీ అంతా ఒకే రంగులో ఉంటే ఏం లోపించిందో మీరు చెప్పనక్కర్లేదు.

ముందు వచ్చిందల్లా కారణం కాదు

తేలినీలాపురంలోనే ఇంకో నమ్మకం ఉంది. పక్షులు వస్తే వానలు బాగా పడతాయని, పంట పండుతుందని ఊరి పెద్దలు అంటారు. ఆ నమ్మకంతోనే వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. దాని వల్ల పక్షులకు మేలే జరిగింది. మన పిల్లలు దాన్ని ఎగతాళి చేయకూడదు.

అయితే నమ్మకాన్ని గౌరవించడం ఒకటి, దాన్ని సైన్సు నోట్సులో కారణంగా రాయడం ఇంకొకటి. పక్షులు రావడం వల్ల వాన పడిందా, వాన పడి చెరువులు నిండి చేపలు పెరగడం వల్ల పక్షులు వచ్చాయా? రెండూ కలిసి కనిపించినప్పుడు ఏది దేన్ని లాక్కొచ్చిందో ఆగి చూడాలి. ఈ రెంటికీ వెనక మూడోది ఏదైనా ఉందేమో కూడా చూడాలి. ఒక్కోసారి ఏమీ ఉండదు, అది కాకతాళీయమే.

పిల్లవాడికి ఆసక్తి ఉంటే చిన్న పుస్తకం కుట్టివ్వండి. పక్షులు దిగిన తేదీ, ఆ ఏడు వాన ఎలా ఉందీ రాసుకోమనండి. పక్షులు వచ్చినా వాన పడని ఏడు కూడా తప్పక రాయాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మనకు నప్పినవి మనం గుర్తుపెట్టుకుంటాం, నప్పనివి మరిచిపోతాం. కాగితం మాత్రం ఏదీ మరిచిపోదు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చింది. రెండు తేదీలు చూసి "పెద్ద తుపానంటే అక్టోబరు రెండో వారమే" అనేస్తే ఎలా ఉంటుంది? మిగతా తుపానుల తేదీలు కూడా పక్కన పెట్టుకుని చూసేదాకా ఆ మాట ఆపుకోవడమే చదువు.

లెక్కతో పాటు దాని లోటు

లెక్క చెబుతూనే దాని లోటునూ చెప్పే విషయంలో విజయనగరం వాళ్లకు సొంత గురువే ఉన్నాడు. గురజాడ అప్పారావు "కన్యాశుల్కం" నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. ఆ పుస్తకానికి గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశాడు. నాటకం అంతా నవ్వులు, ఎత్తిపొడుపులు. ముందుమాట మాత్రం అంకెలతో మాట్లాడుతుంది.

విజయనగరం మహారాజు ఆనంద గజపతి అంతకు సుమారు పదేళ్ల ముందు ఒక జాబితా తయారుచేయించారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో సాధారణ బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లెన్ని అని లెక్క తీయించారు. విజయనగరం అప్పట్లో ఆ జిల్లాలోదే. జాబితాకెక్కినవి 1,034. ఏడాదికి సగటున 344. వాటిలో 99 మంది పిల్లలకు అయిదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు. ఆరుగురికి రెండేళ్లు. ముగ్గురికి ఏడాది.

ఈ అంకెలు చదివితే కడుపు తరుక్కుపోతుంది. కానీ పిల్లలకు చూపించాల్సింది వాటి పక్కనే గురజాడ చెప్పిన ఇంకో సంగతి. ఈ జాబితా పూర్తిది కాదని, డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడం చాలామందికి ఇష్టం ఉండదని ఆయనే చెప్పాడు. తన లెక్కలోని లోటును తనే బయటపెట్టాడు. దానివల్ల వాదం బలహీనపడిందా? లేదు. దాచినవాళ్లు ఉన్నారంటే అసలు సంఖ్య ఇంతకన్నా పెద్దదే అయి ఉండాలి. లోటు ఏ వైపు ఉందో చెప్పినవాడి లెక్కకు బలం పెరుగుతుంది. లెక్క ఏ జిల్లాది, ఎన్నేళ్లది, ఎవరి ఇళ్లది అన్నది కూడా స్పష్టంగా ఉంది.

ఇప్పుడు మన పిల్లల సర్వే ప్రాజెక్టులు చూడండి. "మా ఊళ్లో ఎంతమంది పనికోసం వలస వెళ్లారు" అని ఓ పదో తరగతి పిల్లవాడు ఇరవై ఇళ్లు తిరిగాడనుకోండి. తలుపు తీసినవాళ్లను అడిగాడు, రాసుకున్నాడు, వలస తక్కువేనని తేల్చాడు. తాళం వేసి ఉన్న ఇళ్లను వదిలేశాడు. హైదరాబాదుకో చెన్నైకో ఇంటిల్లిపాదీ వెళ్లినవాళ్లవే ఆ తాళాలు! అతను వెతుకుతున్న జవాబు ఆ తలుపుల వెనకే ఉంది. సిక్కోలు పల్లెల్లో ఇది మనందరికీ తెలిసిన బతుకే. కనుక మీరు అడగాల్సింది ఎన్ని ఇళ్లు తిరిగావని మాత్రమే కాదు. ఏ ఇళ్లు వదిలేశావు, ఎందుకు వదిలేశావు అని కూడా. "తాళం ఉన్న ఇళ్లు ఇన్ని, వాటి సంగతి పక్కింటివాళ్లను అడిగాం" అని ఒక్క వాక్యం చేరిస్తే ఆ ప్రాజెక్టు పది అట్టల రంగుల బొమ్మలకన్నా విలువైనదవుతుంది.

పేరు కలిస్తే సరిపోదు

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గురించి పిల్లలు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు ఉపన్యాసాలిస్తారు. ఆయన పుట్టినరోజు, వాడుకభాష ఉద్యమం, ఇవి అందరూ చెబుతారు. ఆయన పని చేసిన పద్ధతి గురించి చెప్పేవాళ్లు తక్కువ.

గాంగరాజుల రాజధాని కళింగనగరం ఎక్కడ? కళింగపట్నమే అయి ఉంటుందని తేలిగ్గా అనేయవచ్చు, పేరు కలుస్తోంది కాబట్టి. అలా అన్నవాళ్లూ ఉన్నారు. గిడుగు శాసనాలు చదవడం నేర్చుకున్నాడు. ముఖలింగం గుడి గోడల మీద రాతలు స్వయంగా చదివాడు, రాగిరేకులు పరిశీలించాడు. కళింగనగరం ముఖలింగమేనని ఆ ఆధారాలతో వాదించాడు. సవరభాష సంగతీ అంతే. సవరలతో కలిసి తిరిగి, వాళ్ల నోటి నుంచి విని నేర్చుకున్నాడు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశాడు.

వాడుకభాష వాదంలోనూ ఆయన ఆయుధం గొంతు కాదు. ఫలానా రూపాలు తప్పని, పెద్ద కవులు అలా రాయలేదని పండితులు అంటే, ఆ కవుల పుస్తకాల్లోంచే ఉదాహరణలు ఏరి ముందు పెట్టాడు. ఎదుటివాళ్లు గౌరవించే పుస్తకాలే ఆయనకు సాక్షులయ్యాయి. పిల్లలకు డిబేట్ పోటీలున్నప్పుడు ఇది గుర్తుచేయండి. గట్టిగా మాట్లాడడం నేర్పడానికి ముందు, అవతలివాళ్ల వాదనలో బలమైన ముక్క ఏదో ముందుగా రాసుకోమనండి. దానికి జవాబు దొరక్కపోతే తన మాటను ఆ మేరకు తగ్గించుకోవాలి. అలా తగ్గడం ఓడిపోవడమేమీ కాదు.

తెలియదనడమూ జవాబే

అన్నింటికన్నా కష్టమైన పాఠం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానిది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇది చదివే అమ్మానాన్నలకు కిడ్నీ జబ్బు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. డయాలసిస్ కోసం వారం వారం ఎవరో ఒకరిని తీసుకెళ్లే ఇళ్లు అవి. అక్కడి పిల్లవాడు దీని మీద వ్యాసం రాస్తే మొదటి వాక్యంలోనే "నీళ్లవల్ల" అని రాస్తాడు. ఇంట్లో, వీధిలో విన్నది అదే మరి.

నీళ్ల మీద అనుమానానికి కారణాలు లేకపోలేదు. భూగర్భజలంలో సిలికా మీద పరిశోధనలు జరిగాయి. ఎండలో గంటల తరబడి పని చేసి, చెమటోడ్చి, చాలినన్ని నీళ్లు తాగకపోవడం మీద అనుమానం ఉంది. ఒళ్లునొప్పులకు విచ్చలవిడిగా మింగే మాత్రల మీద ఉంది. పురుగుమందుల మీద ఉంది. వంశపారంపర్యంగా వచ్చే గుణమేమోననీ ఉంది. దశాబ్దాలుగా ఎందరో పరిశోధించారు. ఇదీ కారణం అని వేలెత్తి చూపగల రుజువు మాత్రం ఇంకా తేలలేదు. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకుతోటల కూలీల్లో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరిరైతుల్లో ఇలాంటి జబ్బే కనిపిస్తోంది. అక్కడ కూడా వాదం ముగియలేదు.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోవాలా? అక్కర్లేదు. ఇది పిల్లలకు జాగ్రత్తగా విప్పి చెప్పాల్సిన సంగతి. కారణం రుజువు కాకముందే హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి పైపుల్లో వంశధార నీళ్లు తెచ్చే పథకం కట్టారు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అనుమానం ఉన్నప్పుడు మంచినీళ్లు ఇవ్వడం తెలివైన పని. దానికి పూర్తి రుజువు వచ్చేదాకా ఆగక్కర్లేదు. అయితే మంచినీళ్లు ఇచ్చాం కాబట్టి నీళ్లే కారణమని తేలిపోయినట్టు కాదు. ఏం చేయాలన్నది ఒక ప్రశ్న, ఏది నిజమన్నది ఇంకో ప్రశ్న. ఈ రెంటినీ కలిపేస్తే నష్టం ఉంది. నీళ్లు మారాయి కదా, ఇక భయం లేదని నొప్పిమాత్రలు మింగడం కొనసాగించే ప్రమాదం ఉంది.

కనుక మీ అబ్బాయి వ్యాసం చివర "కారణం ఇంకా తేలలేదు, అనుమానాలు ఇవి, ఒక్కోదానికి ఆధారం ఇది" అని రాస్తే, జవాబు రాయలేదని చిన్నబుచ్చకండి. ఉన్నవాటిలో నిజాయితీగల జవాబు అదే.

ముందు మన తీర్పులు

ఇంతసేపూ పిల్లల గురించి మాట్లాడుకున్నాం. పిల్లల విషయంలో మనం తేల్చేసే తీర్పుల మాటేమిటి?

హాఫ్ ఇయర్లీలో లెక్కలకు మార్కులు తగ్గాయి. "ఫోను వల్లే" అని నాన్న. "క్రికెట్టు వల్లే" అని అమ్మ. "వీడికి లెక్కలు రావు" అని మామయ్య. ఒక్క పరీక్ష మీద మూడు తీర్పులు! జవాబు పత్రం మాత్రం సంచీలోనే మడతపెట్టి ఉంది. దాన్ని తీసి చూడండి. కూడికలు, గుణకారాలు, సమీకరణాలు సరిగ్గానే ఉన్నాయి. మాటల్లో ఇచ్చిన లెక్కలే పోయాయి. ఇంగ్లీషు మీడియంలోకి కొత్తగా మారిన పిల్లవాడికి ప్రశ్న అర్థం కాకపోయి ఉండవచ్చు. ఇంకోచోట బోర్డు మీది అంకె తప్పుగా దించుకుని, ఆ తప్పు అంకెతో లెక్క సరిగ్గా చేశాడు. అలాంటప్పుడు వెళ్లాల్సింది ట్యూషనుకు కాదేమో, కళ్ల డాక్టరు దగ్గరికేమో. జవాబు పత్రాన్ని మించిన సాక్షి మనకు లేదు, దాన్ని మనమే విచారించం.

పక్కింటి పిల్లతో పోల్చడమూ ఇలాంటిదే. ఆ ఇంట్లో ఎవరు దగ్గర కూర్చుని చదివిస్తున్నారో, ఆ పిల్ల ఎన్ని గంటలు నిద్రపోతోందో మనకు తెలియదు. కనిపించేది ర్యాంకు ఒక్కటే. దాని మీద ఇంత మేడ కట్టకూడదు. ఫోను ఎక్కువ చూడటం మంచిదని ఎవరూ అనరు. ఫోనే కారణమని అనుమానం ఉంటే రెండు వారాలు సాయంత్రం పూట ఫోను పక్కన పెట్టి, ఆ తర్వాత స్లిప్ టెస్టులు ఎలా ఉన్నాయో పిల్లవాడితో కలిసి చూడండి. తీర్పు కంటే ఇది నయం. తన మీద విచారణ న్యాయంగా జరిగిందని చూసిన పిల్లవాడు, తను రాసేటప్పుడూ న్యాయంగా ఉంటాడు.

ఇంట్లో ఏం చేయవచ్చు

ప్రాజెక్టు మీరు రాసిపెట్టకండి. అంగట్లో కొన్న చార్టు, ఫోనులోంచి దించిన నాలుగు పేరాలు మార్కులు తెస్తాయి, బుద్ధిని తేవు. ఇప్పుడు ఏఐని అడిగితే వ్యాసమంతా క్షణంలో వచ్చేస్తుంది. వాడుకోవద్దని అనను. అది చెప్పిన ప్రతి అంకెనూ పాఠ్యపుస్తకంలోనో, ఆ పని చేసే మనిషి దగ్గరో సరిచూడమనండి. సరిచూడలేని అంకెను తీసేయమనండి.

విషయాలు ఊళ్లోంచి తీసుకోండి. జీడిపిక్కల ధర ఈ ఏడు ఎందుకు పడిపోయిందని తాత ఒకటంటాడు, వ్యాపారి ఒకటంటాడు, బట్టీ యజమాని ఇంకొకటంటాడు. ముగ్గురినీ అడిగి, ముగ్గురి మాటా పక్కపక్కన రాసి, ఎవరికి ఏ లాభం ఉందో కూడా ఆలోచించమనండి. నాగావళికి వరద వచ్చినప్పుడు, తుపాను రోజుల్లో, వాట్సాప్‌లో తిరిగే వీడియో ఏ ఏడాదిదో, ఏ ఊరిదో ముందు కనుక్కుని తర్వాత పంపమనండి. కనుక్కోలేకపోతే పంపవద్దనండి. మీరూ పంపకండి.

పెద్దల్ని ఎదిరించడం నేర్పుతున్నామేమోనని కొందరికి బెంగ. అడిగే తీరు నేర్పితే ఆ బెంగ అక్కర్లేదు. "అబద్ధం" అనకుండా "తాతా, అది నువ్వు సూసినావా, ఎవరైనా చెప్పినారా?" అని అడగడం మర్యాదే. చాలామంది తాతలు సంతోషంగా కూర్చుని చెబుతారు. అలా కదిలిన కబుర్లలోంచి ఏ పుస్తకంలోనూ లేని ఊరి చరిత్ర బయటికి వస్తుంది.

పిల్లవాడు తన మాట మార్చుకున్నప్పుడు "మొన్న అలా అన్నావుగా" అని ఎత్తిపొడవకండి. కొత్త ఆధారం దొరికి మాట మార్చుకున్నవాడిని మెచ్చుకోండి. మొండిగా పట్టుకు వేలాడేవాడికంటే వాడే బాగా చదువుతున్నాడు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ అమ్మాయో అబ్బాయో ఈమధ్య రాసిన ఏదో ఒక పేజీ తెమ్మనండి. మార్కులు చూడకండి. అందులోంచి ఒక్క వాక్యం ఎంచుకుని, అది ఎలా తెలిసిందో చెప్పమని ప్రేమగా అడగండి. వచ్చిన జవాబు మధ్యలో ఆపకుండా వినండి. తర్వాత, మీరు ఆ వారంలో అన్న ఏదో ఒక మాట గురించి అదే ప్రశ్న మిమ్మల్ని అడిగే హక్కు వాళ్లకు ఇవ్వండి. జవాబు లేకపోతే తెలియదని చెప్పి, ఇద్దరూ కలిసి వెతకండి.